గెలిపించునది దాడియా? కాపుదలయా?

అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. కోడిగ్రుడ్డువలె కొనదేరిన బంతిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు. కాలితో తన్నుట అప్పుడప్పుడు మాత్రమే. మన చెడుగుడులో కూతకు పోయినవాడే మరలివచ్చి కాపు కాయును. అక్కడ అట్లు కాదు. ఒకే జట్టులో దాడికి 11 మంది, కాపుదలకు వేరే 11 మంది. ఒక వర్గము ఆడుచుండగా రెండవది గట్టున నిలిచి చూచుచుండును. అందుచేతనే గెలుపు ఎవరిదను వాదము అచ్చట తెగదు. దాడి జనమును రప్పించును, కాపుదల కిరీటమును తెచ్చునని వారి నానుడి.

ఈ నానుడికి పేటన్ మానింగ్ కథకన్న మంచి సాక్ష్యము మాకు కనబడదు. అతడు డెన్వర్ జట్టులో బంతి విసరు నాయకుడు, క్వార్టర్‌బ్యాక్ అందురు. 2013వ సంవత్సరపు పోటీలలో ఆ జట్టు 16 ఆటలలో 606 పాయింట్లు గడించెను. అంతకుముందు ఏ జట్టును అన్ని గడించియుండలేదు. బంతిని ఎదుటివారి గీత దాటించుటను టచ్‌డౌన్ అందురు. మానింగ్ విసరిన బంతులతో ఆ యేట 55 టచ్‌డౌన్లు వచ్చెను. ఇక 2014 ఫిబ్రవరి 2న, సూపర్ బౌల్ అను తుది పోటీలో, ఎదురైనది సియాటిల్. ఆ యేట అందరికన్న తక్కువ పాయింట్లిచ్చిన జట్టు. ఆట మొదలైన 12 సెకండ్లకే మానింగుకు అందింపవలసిన బంతి అతని తల మీదుగా పోయి సొంత గీత వెనుక పడినది. సియాటిల్‌కు 2 పాయింట్లు. అది డెన్వర్‌వారి పొరపాటేగాని ఎదుటివారి ప్రతిభ కాదు. తరువాతిది మాత్రము ప్రతిభయే: మాల్కమ్ స్మిత్ మానింగ్ విసరిన బంతిని నడుమనే పట్టి, 69 గజములు పరుగెత్తి టచ్‌డౌన్ చేసెను. తుదకు సియాటిల్ 43, డెన్వర్ 8.

రెండేండ్లకు మానింగ్ చేతి సత్తువ ఉడిగెను. 2015వ సంవత్సరపు పోటీలలో అతని టచ్‌డౌన్లు 9, ఎదుటివారికి చిక్కిన బంతులు 17. అయినను 2016 ఫిబ్రవరి 7న, ఆ యేట అందరికన్న ఎక్కువ పాయింట్లు గడించిన కరోలినాను డెన్వర్ 24–10తో ఓడించెను. వాన్ మిల్లర్ అను కాపుదలవాడు రెండుమార్లు కరోలినా నాయకుని చేతిలోని బంతిని ఊడగొట్టెను. రెండును టచ్‌డౌన్లకే దారితీసినవి. 55 విసరిన యేట ఓటమి, 9 విసరిన యేట కిరీటము!

అయితే నానుడి అంతటితో నెగ్గినదా? 2000లో 16 ఆటలకు 165 పాయింట్లే ఇచ్చిన బాల్టిమోర్ జట్టు కడపట కిరీటము గెలిచిన మాట నిజమే. కాని ఆ అక్టోబరులో ఆడిన 5 ఆటలలోను ఒక్క టచ్‌డౌనైన చేయలేక, వానిలో 3 వరుసగా ఓడినది. ఆ ఓటములలో ఎదుటివారికి ఇచ్చినవి 10, 14, 9 పాయింట్లే! అంతకుమించి కాపు కాయుట ఎవరి తరము?

మరి 1978 నాటి నిబంధనలవలన, బంతి అందుకొనబోవువానిని 5 గజములు దాటిన పిమ్మట అడ్డగించి తాకరాదు. కావున నేటి కాపుదలకు ఆపుటకన్న లాగుకొనుటయే బలమని మా అభిప్రాయము. 2018 ఫిబ్రవరి 4న ఫిలడెల్ఫియా 41, న్యూ ఇంగ్లండ్ 33. ఇరువైపుల కాపుదలయు చిల్లులు పడిన కుండయే. ఓడినవారి నాయకుడు టామ్ బ్రేడీ 505 గజములు విసరెను! ఇంచుమించు రెండు నిమిషములు మిగిలియుండగా బ్రాండన్ గ్రాహమ్ అతని చేతినుండి బంతిని ఊడగొట్టెను. ఆ ఆటలో ఫిలడెల్ఫియావారు బ్రేడీని అట్లు దొరకబుచ్చుకొన్నది ఆ ఒక్కసారే.