కోడ్ రాసేవారి జీతం – కాపీరైట్



కాపీరైట్ లేకపోతే సాఫ్ట్‌వేర్ రాసేవాడు పస్తులుంటాడన్న వాదం మన సభల్లో ఏటా లేస్తూనే ఉంది. 1976లో బిల్ గేట్స్ హాబీయిస్టులకు రాసిన బహిరంగ లేఖ సారాంశమూ అదే. ఆల్టెయిర్ బేసిక్ అమ్ముకునే ఆయనకు అది నిజం. అకౌంటింగ్ ప్యాకేజీ అమ్మే మన టాలీకీ నిజమే. కానీ హైదరాబాదులో కోడ్ రాసేవాళ్లలో ప్రోగ్రాములు అమ్ముకుని బతికేవారెందరు? అత్యధికులది నెల జీతం. భారత కాపీరైట్ చట్టానికి వచ్చిన 1984 సవరణ ప్రోగ్రాములను సాహిత్య రచనల్లో చేర్చింది. అయితే అదే చట్టంలోని సెక్షన్ 17(సి), వేరే ఒప్పందం లేకుంటే, ఉద్యోగి రాసినదానికి తొలి హక్కుదారుగా యజమానినే నిలిపింది. తన చేతిలో లేని హక్కు రాసినవాడికి అన్నం ఎలా పెడుతుంది? 

యజమానికి హక్కుంటేనే జీతమిస్తాడని కొందరు పెద్దలంటారు. వారు హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌ను చూడాలి. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీసులో మన ఒత్తులను, గుణింతాలను కుదురుగా కూర్చేది అదే. దాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. దాన్ని పెంచి పోషించిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ మొదట రెడ్ హ్యాట్‌లో, తర్వాత గూగుల్‌లో ఉద్యోగం చేశారు. ఆ పని అవసరం కనుకే కంపెనీలు డబ్బిచ్చాయి. అప్పట్లో సోర్సు అందరికీ ఇస్తున్న ఆ రెడ్ హ్యాట్‌నే ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

కాపీరైట్‌నే ఎత్తేయాలనే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన జీపీఎల్ లైసెన్సు నిలబడింది కాపీరైట్ మీదే. మార్చి పంచేవాడు సోర్సు కూడా ఇచ్చి తీరాలన్న షరతుకు బలం ఆ హక్కే. కాబట్టి హక్కు ఉండాలి. దాన్ని జీతంగా లెక్కగట్టకూడదు.

దీనికి సాక్ష్యం తెలుగు డీటీపీ రోజులు, మీలో చాలామందికి అవి గుర్తే. ప్యాకేజీతో పాటు ప్రింటర్ పోర్టుకు తగిలించే లాక్ వచ్చేది. కంపెనీకో ఎన్‌కోడింగ్, ఒకదాంట్లో కొట్టిన పుస్తకం ఇంకోదాంట్లో చదవడానికి వచ్చేది కాదు. నేను పనిచేసిన అలాంటి సంస్థ ఒకటి మూతపడ్డాక, మేం రాసిన కీబోర్డు ప్రోగ్రాం సోర్సు ఎవరి దగ్గరుందో చెప్పే దిక్కు లేదు. ఆ లాక్ మాకు జీతమూ పెంచలేదు, తెలుగుకూ మేలు చేయలేదు.

మరోవైపు తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. అలాంటి పనిని అందరం వాడుకుంటాం, మరమ్మతు ఖర్చు మాత్రం ఎవరూ భరించరు. అక్షరదోషాలు పట్టే సాధనాలు, కీబోర్డులు, ఫాంట్లు ఏటా సరిచూడాల్సినవి. వాటిని రాత్రిళ్లు కూర్చుని సరిచేసేవారికి పీహెచ్‌డీ లేదు, పురస్కారం లేదు, జీతమూ లేదు.

విశ్వవిద్యాలయాలకు, అకాడమీలకు, ప్రచురణకర్తలకు నా విజ్ఞప్తి ఇదే: ఒక్కొక్క సాధనానికి ఒక్కొక్క మనిషిని పెట్టండి, నెలనెలా జీతమివ్వండి, అతని పనిని పరిశోధనగా గుర్తించండి. ఈ సభ చేసే తీర్మానాల్లో దీన్ని మొదటిదిగా చేర్చాలని ప్రతినిధులను కోరుతున్నాను.