వేరు చేయవలసినది ఎవరు?

(బెంగళూరులో సోషల్ వర్క్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పర్యావరణ శాస్త్రవేత్తను కాను. నగరపాలక ప్రకటనలను తెలుగులోకి మార్చే అనువాదకుడిని. కనుక ఒక వాక్యంతో మొదలుపెడతాను. కొన్నేళ్ల క్రితం ఒక కరపత్రంలో 'చెత్తను తడి, పొడిగా వేరు చేయవలెను' అని రాశాను. మా వీధి ఊడ్చే పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె కుటుంబం అత్తగారి కాలంలోనే అనంతపురం వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఆమె విని, "ఎవరు వేరు చేయాలి సారూ? మీరా, మేమా?" అని అడిగింది. నా వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, కానీ కర్త లేడు. ఆ లోటును ఆమె చేతులు పూడుస్తున్నాయి.

పర్యావరణ నీతికి మొదటి ప్రశ్న ఇదే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు దీనికి స్పష్టంగానే జవాబు చెప్పాయి. చెత్తను పుట్టించినవారే తడి, పొడి, హానికర గృహ వ్యర్థాలుగా వేరు చేసి ఇవ్వాలని, డైపర్లను, శానిటరీ ప్యాడ్లను చుట్టి ఇవ్వాలని అవి నిర్దేశించాయి. 1976లో రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం ప్రకృతి రక్షణను, జీవుల పట్ల కరుణను ఒకే విధిగా చెప్పింది. ఆ కరుణ ముందుగా మన గుమ్మం ముందు నిలబడిన మనిషికి అందాలి.

కలగలిపిన చెత్త మాయమవదు, ఊరు మారుతుంది. బెంగళూరు చెత్త ఏళ్ల తరబడి మావళ్ళిపురకు, మండూరుకు పోయింది. దుర్గంధం భరించలేక, నీళ్లు పాడై, ఆ పల్లెలు ఎదురు తిరిగాయి. 2012లో మావళ్ళిపురలో, 2014 చివర మండూరులో చెత్త పోయడం ఆగింది. నగరం సుఖానికి మూల్యం చెల్లించినది ఆ పల్లెలే.

మిత్రులారా, ఫీల్డ్‌వర్క్ కోసం మీరు వాడలకు వెళ్లి పరిశుభ్రత బోధిస్తారు. ఒంటి గదిలో ఆరుగురు ఉండే ఇంట రెండు బుట్టలకు చోటెక్కడ? ఆ సందులోకి చెత్తబండి ఎందుకు రావడం లేదో ముందు కనుక్కోండి. రప్పించడానికి వారితో కలిసి అర్జీ పెట్టండి. పర్యావరణం ముఖ్యమా అని ప్రశ్నావళిలో అడిగితే అందరమూ అవుననే రాస్తాం. మీ హాస్టల్ చెత్తబుట్ట ఏమంటున్నదో ఈ సాయంత్రం ఒకసారి మూత తీసి చూడండి.

మరుసటి ముద్రణలో నా వాక్యాన్ని దిద్దుకున్నాను: 'మీ ఇంటి చెత్తను మీరే వేరు చేసి ఇవ్వండి.' పెద్దమ్మ విని తల ఊపింది. "రాశారు సరే, ఇస్తారా?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు అనువాదకుడి చేతిలో లేదు. మీ చేతిలోను, మనందరి ఇళ్లలోను ఉన్నది.

సెలవు.