అష్టావక్రుడు స్నానానికి ముందే గెలిచాడు

(ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)

   

ఈ వేదికమీద నేను లోగడ ఎన్నో పురాణములు చెప్పాను. నేడు పురాణం చెప్పడానికి రాలేదు. డెబ్బైనాలుగేండ్ల వయస్సులో పది దినములు నేను విద్యార్థినై కూర్చున్న ఒక చోటును గురించి విన్నవించుకొనడానికి వచ్చాను.

ఫిజియోథెరపీ చదువుతున్న నా మనుమరాలు గత వైశాఖంలో నన్నొక మాట అడిగింది. “తాతగారూ, వయస్సు వచ్చిన దివ్యాంగులకు వేసవి శిబిరం జరుగుతున్నది. సాయంకాలం కథలు చెప్పేవారు లేరు. మీరు వస్తారా?” అన్నది. కథలే కదా అని బయలుదేరాను.

గోదావరి తీరంలో, సెలవులకు మూసిన ఒక పాఠశాలలో ఆ శిబిరం. వచ్చినవారు ఇరవైఇద్దరు. అందరూ పద్దెనిమిదేండ్లు దాటినవారే. ఒకరిద్దరికి యాభై నిండాయి. ఎండ ముదరకముందే ఏటిగట్టు మీద విహారం, తరువాత బొమ్మలు వేయడం, మట్టిపని, మధ్యాహ్నం మజ్జిగ, తాటిముంజలు, సాయంకాలం పాటలు, కథలు. మన పిల్లలు సెలవులలో అనుభవించే ఈ చిన్న సంతోషాలు వారిలో చాలామందికి అదే మొదటిసారి.

మొదటి దినం భోజనవేళ నన్నొక సోదరుని ప్రక్కన కూర్చోబెట్టారు. ఆయన చక్రాల కుర్చీలో ఉన్నారు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కండరములు మెదడు అదుపులో నిలువక చేతులు వంకరలు పోతాయి. మాట స్పష్టంగా రాదు. నేను అన్నం కలిపి, ముద్ద చేసి, “నోరు తెరువు నాయనా” అన్నాను. ఆయన ముఖం ప్రక్కకు త్రిప్పుకొన్నారు. మారాం చేస్తున్నాడనుకొని బుజ్జగించాను. అప్పుడు శిబిర నిర్వాహకురాలు వచ్చి, “పంతులుగారూ, వారి వయస్సు నలభైరెండు. సహాయం కావాలా అని ముందు అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి” అని మెల్లగా చెప్పింది.

నాకు సిగ్గువేసింది. నలభై సంవత్సరాలు సంస్కృత పాఠశాలలో వ్యాకరణం చెప్పినవాణ్ణి. ఒక్కరినే పిలిచినా గౌరవార్థం బహువచనం వాడాలని ఎందరికో నేర్పినవాణ్ణి. ఆ పెద్దమనిషిని చూడగానే నా నోట ఏకవచనం వచ్చింది. “మీకు నన్ను సహాయం చేయమంటారా?” అని అడిగాను. వద్దని తల అడ్డంగా ఊపారు. పిడి లావుగా ఉన్న చెంచా ఒకటి ఆయన చేతికి ఇచ్చారు. కొంత అన్నం నోటికి చేరింది, కొంత ఒడిలో పడ్డది. భోజనం ముగియడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ నేను చేయి చాపకుండా, తొందరపెట్టకుండా ప్రక్కన కూర్చున్నాను. అన్నం వడ్డించడం నాకు తెలుసు. ఊరక కూర్చోవడం ఆనాడే నేర్చుకొన్నాను.

మూడవనాటి సాయంకాలం సంస్కృత మహాభారతం వనపర్వంలోని అష్టావక్రుని కథ ఎత్తుకొన్నాను. గర్భంలో ఉండగానే తండ్రి కహోడుని అధ్యయనంలోని దోషాన్ని ఎత్తిచూపి శాపం పొందడం, ఎనిమిది వంకరలతో పుట్టడం, జనకుని యజ్ఞశాల వాకిట ద్వారపాలకుడు పసివాడవని అడ్డగించగా, తల నెరిసినంతమాత్రాన ఎవరూ పెద్దవారు కారని బదులు చెప్పి లోనికి వెళ్ళడం, వాదంలో వందిని ఓడించి తండ్రిని తిరిగి పొందడం, అన్నీ చెప్పాను. చివరకు తండ్రి ఆజ్ఞతో సమంగ అనే నదిలో స్నానం చేయగా ఆయన అవయవములన్నీ చక్కబడ్డాయని ముగించాను. నేనెప్పుడూ ఆ కథను ఆ స్నానంతోనే ముగిస్తాను. శ్రోతలు చేతులు జోడిస్తారు.

ఆనాడు ఎవరూ చేతులు జోడించలేదు. ఆ సోదరుడు తన ఒడిలోని అక్షరాల అట్టను ముందుకు జరుపుకొన్నారు. వర్ణమాల, గుణింతపు గుర్తులు వ్రాసిన అట్ట అది. ఆయన ఒక్కొక్క అక్షరం మీద పిడికిలి ఆన్చుతుంటే నా మనుమరాలు కూడబలుక్కొని చదివింది. ఒక్క వాక్యానికి చాలాసేపు పట్టింది.

“స్నానానికి ముందే గెలిచాడు కదా.”

నాకు నోట మాట రాలేదు. నిజమే. జనకుని సభలో గెలిచినవాడు ఎనిమిది వంకరలున్న ఆ అష్టావక్రుడే. ఇన్నేండ్లూ ఆ గెలుపు నాకు చాలినట్లు లేదు. శరీరం చక్కబడితే తప్ప కథ మంగళాంతం కాదనుకొన్నాను. ఏ విద్యార్థీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నా తల నెరిసింది, కాని ఆ వాకిట నిలిచిన ద్వారపాలకుణ్ణి నేనే. అతడు ఒక జ్ఞానిని పసివాడనుకొన్నాడు. నేను నలభైరెండేండ్ల పెద్దమనిషిని పసివాడనుకొన్నాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సుమారు ఇరవై ఏండ్ల క్రిందట ఒకచోట నా పురాణం ముగిసిన తరువాత ఒక తల్లి కుమారుణ్ణి ఎత్తుకొని వచ్చి, “వీడెందుకిట్లా పుట్టాడండీ?” అని అడిగింది. “పూర్వజన్మ కర్మ తల్లీ” అన్నాను. ఆమె నమస్కరించి వెళ్ళిపోయింది. మరల ఎన్నడూ కనబడలేదు. శిబిరానికి వచ్చిన ప్రతి తల్లి ముఖంలోనూ ఆ ముఖం వెదికాను. ఆమె వీరిలో లేదు. ఉంటే క్షమాపణ వేడుకొనేవాణ్ణి. కర్మసిద్ధాంతం నా నడవడిని నేను దిద్దుకొనడానికి పెద్దలు చెప్పినది. ఎదుటివారి దుఃఖానికి తీర్పు చెప్పడానికి కాదు. ఆ తల్లి ఎదుట నిలిచినప్పుడు నా కర్తవ్యకర్మ ఏమిటో చూసుకొనక, ఆ బిడ్డ కర్మను లెక్కపెట్టాను. గీతలో భగవానుడు పండితులకు చెప్పిన లక్షణం సమదర్శనం. ఆనాడు నాలో అది లేదు.

పదవనాడు తల్లిదండ్రులు వచ్చారు. డెబ్బై ఏండ్లు సమీపించిన ఒక తల్లి, “ఈ పది రాత్రులూ తెల్లవారేదాకా నిద్రపోయానండీ” అని కంటనీరు పెట్టుకొన్నది. శిబిరం బిడ్డలకు వేడుక అయితే తల్లులకు విశ్రాంతి. వారందరి నోట ఒకటే ప్రశ్న: “మా తరువాత ఎవరు?”

ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం నావద్ద లేదు. అక్కడ తెలుసుకొన్నది చెబుతాను. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహువైకల్యం గలవారికి పద్దెనిమిదేండ్లు నిండిన తరువాత, అవసరమైనచో, చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించుకొనవచ్చు. జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఆ ట్రస్టువారిదే నిరామయ అనే ఆరోగ్య బీమా; లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. అందరికీ సంరక్షకులు అక్కరలేదు. అక్షరాల అట్టతో నాకు పాఠం చెప్పిన ఆ సోదరునికి కావలసినది, ఆయన మాట ముగిసేదాకా ఓపికతో వినే మనిషి.

దాతలారా! మెట్లమీద మన పేర్లు చెక్కించుకొంటున్నాము. ఆ మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి ఒకటి కట్టించండి. యాత్రికులారా! క్యూలో ఇట్టివారు కనబడితే “పాపం” అనకండి. వారి వెంట ఉన్నవారిని కాక వారినే పలకరించండి, “మీరు” అనండి. సహాయం చేసే ముందు అడగండి. వద్దంటే నొచ్చుకొనకండి.

ఇప్పుడు అష్టావక్రుని కథను నేను జనకుని సభలోనే ముగిస్తున్నాను. ఎవరైనా అడిగితే స్నానం సంగతి చెబుతాను.

వచ్చే వైశాఖంలో స్వామి అనుగ్రహిస్తే మరల అక్కడికి వెళతాను. ధనం ఇవ్వగలవారు ధనం ఇవ్వండి. ఒకరి ప్రక్కన ముప్పావుగంట ఓపికగా కూర్చోగలవారు నాతో రండి.

స్వస్తి.