న్యూయార్క్ నీటిబాట

న్యూయార్క్ చుట్టూ నీళ్లే. అయినా అక్కడి సరుకులో దాదాపు 90 శాతం లారీల మీదే కదులుతుంది. ఆ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఉన్న హంట్స్ పాయింట్ టోకు మార్కెట్‌కు కూరగాయలు, మాంసం, చేపలు మోసేది ఎక్కువగా డీజిల్ లారీలే. ఆ చుట్టుపక్కల పిల్లల్లో ఉబ్బసం ఎక్కువ. అందుకే నగరపాలకులు ‘బ్లూ హైవేస్’ పథకం పెట్టారు: రేవు దాకా పడవ, అక్కణ్నుంచి గడప దాకా ఎలక్ట్రిక్ సైకిల్ బండి. నీటి రవాణా అక్కడ కొత్తేం కాదు లెండి, 1825లో పెద్ద సరస్సులతో కలిపే ఈరీ కాలువ తెరిచాకే ఆ ఊరి దశ తిరిగింది.

పడవకూ డీజిలే పోస్తే లాభం సగమే. నెదర్లాండ్స్‌లో 2021 నుంచి హైనెకెన్ బీరు బ్యాటరీతో నడిచే సరుకు పడవ (బార్జి) మీద వెళ్తోంది. ఛార్జింగ్ అయిపోతే బ్యాటరీ కంటైనర్‌ను క్రేన్‌తో దించి, నిండినదాన్ని ఎక్కిస్తారు. న్యూయార్క్ నేర్చుకోవలసింది అదే.