ఎడమవైపు కిటికీ – వాస్తుశిల్పి కావడానికి ఓర్పు గల బాట
(వజ్రోత్సవానంతర ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తరగతి గదిలో వెలుతురు పిల్లల ఎడమవైపు నుంచి రావాలన్నది పాఠశాల నిర్మాణంలో పాత నియమం. కుడిచేతితో వ్రాసే బిడ్డకు తన చేతినీడ తన పుస్తకం మీద పడరాదన్నది అందులోని ఉద్దేశం. అటువంటి గదులలో చదువుకొన్నవారిలో ఈ సంగతి గమనించేవారు అరుదు. కాని ఆ పిల్లలు పుట్టకముందే ఎవరో వారిని గురించి ఆలోచించారు. ఇతరుల సుఖాన్ని ముందుగా ఊహించి, దానిని కాగితం మీద గీతగా మలచడమే వాస్తుశిల్పి వృత్తి. వాస్తు చూసి దిక్కులు చెప్పేవారు వేరు, వాస్తుశిల్పి వేరు. ఇంజనీరు లెక్కను, తాపీమేస్త్రి చేతిపనిని, ఇంటివారి అవసరాన్ని ఒక్క రూపంలోనికి తెచ్చేవారే ఆర్కిటెక్టు.

ఈ పేరు ధరించడానికి పట్టే కాలాన్ని చూసి తల్లిదండ్రులు సంకోచించడం సహజం. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఈ దేశంలో ఆ పేరుతో వృత్తి సాగించాలి. అందుకు గణితం, భౌతికశాస్త్రం చదివి పన్నెండవ తరగతి ముగించాలి. 2006లో మొదలైన ‘నాటా’ పరీక్షలోగాని, జె.ఇ.ఇ.లోని ఆర్కిటెక్చర్ పత్రంలోగాని అర్హత సంపాదించాలి. ఆపైన అయిదేళ్ళ బి.ఆర్క్. చదువు. అందులో కొంతకాలం వృత్తిలో ఉన్నవారి వద్ద పని నేర్చుకోవాలి. పదవ తరగతి తరువాత కనీసం ఏడేళ్ళు గడిస్తేగాని నమోదుకు దరఖాస్తు చేసే అర్హత రాదు. స్వంతంగా ఒక భవనానికి బాధ్యత వహించగల అనుభవానికి మరికొన్ని ఏళ్ళు పడతాయి.

ఇంత శ్రమపడి పొందేది ఒక పేరేనా? 2020లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని వివరిస్తూ, అది ఆర్కిటెక్టు అన్న పేరును మాత్రమే రక్షిస్తుందని, నమోదుకాని ఇతరులు ఆ పని చేయడాన్ని నిషేధించదని తీర్పు చెప్పింది. అంటే పేరును చట్టం కాపాడుతుంది. ఆ పేరుకు తగిన పనిని కాపాడవలసినవారు దానిని ధరించినవారే. గాలి రాని గదిని, వానకు కారే కప్పును పట్టా చూపి సమర్థించుకోవడం సాధ్యం కాదు. కనుకనే ఈ బాటలో తొందర తగదు.

బాలకృష్ణ దోశీ జీవితం ఇందుకు నిదర్శనం. 1927లో పుణెలో, కలప సామాను తయారుచేసే కుటుంబంలో జన్మించిన ఆయన 1947లో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరారు. అటుపై లండను చేరి, 1951లో పారిస్‌లో సుప్రసిద్ధుడైన ల కార్బూజియే వద్ద పనికి కుదిరారు. ఫ్రెంచి భాష రాదు. మొదటి ఎనిమిది నెలలు జీతం లేదు. గీతే ఆయనకు భాష అయింది. తిరిగివచ్చి అహమ్మదాబాదులో స్వంత కార్యాలయం నెలకొల్పేనాటికి 1956 వచ్చింది. బెంగళూరులోని ఐ.ఐ.ఎం. రాతిగోడల నడుమ వెలుగునీడలతో సాగే పొడవైన నడవలు ఆయన రూపకల్పనే. ఇండోరులో పేదల కోసం నిర్మించిన ‘అరణ్య’ కాలనీలో పునాది, నీటివసతి, ఒక గది వంటివి ముందుగా సమకూర్చి, స్తోమతను బట్టి మిగిలిన ఇంటిని కట్టుకొనే స్వేచ్ఛను నివాసులకే విడిచారు. 2018లో, తొంభై ఏళ్ళ వయస్సులో, ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకొన్న తొలి భారతీయుడయ్యారు. 2023లో కన్నుమూశారు.

తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ ఆంగ్లంలో సాగే ఈ చదువును తట్టుకోగలదా అన్నది మరొక సందేహం. తొలి సంవత్సరం కష్టం తప్పదు. దానిని దాచడం మేలు కాదు. ఆంగ్ల పదజాలాన్ని ముందునుంచే అలవరచడం ఉపాధ్యాయుల బాధ్యత. కాని కొలతకు, నిష్పత్తికి, వెలుతురుకు మాధ్యమం లేదు. పరరాష్ట్రంలో తరతరాలుగా ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష నేర్చిన తెలుగు బిడ్డకు ఇంకొక భాష నేర్వడం క్రొత్త కాదు.

ఆడపిల్ల కట్టడాల వద్ద ఎలా నిలబడగలదని వెనుకాడేవారు పెరిన్ జంషెడ్‌జీ మిస్త్రీని స్మరించాలి. ఆమె 1936లోనే బొంబాయిలో ఈ విద్యలో పట్టా పొంది, ఆ వృత్తిలోనే జీవించారు.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. నోటుపుస్తకం అంచున ఇళ్ళ బొమ్మలు గీసే బిడ్డను చదువు పాడుచేస్తున్నాడని మందలించే ముందు ఒక్కసారి ఆ బొమ్మను చూడండి. అందులో కిటికీ ఎటువైపు ఉన్నదో, ఎందుకు పెట్టాడో అడగండి. ఆ ‘ఎందుకు’కు బిడ్డ వద్ద సమాధానం ఉంటే, బాట ఎంత పొడవైనా నడిపించండి. డెబ్బది అయిదేళ్ళ ఈ విద్యాలయం శతవసంతాలు పూర్తిచేసే నాటికి, ఇక్కడ నిర్మించే నూతన భవనానికి నమూనా గీసే చేయి ఈ తరగతుల నుంచే రావాలని ఆకాంక్ష.

శుభం భూయాత్.