ఆంక్షలున్న ఆకాశము: కొన్ని అపోహలు



గోదావరి కాలువలపై పడవల రాకపోకలు సాగిన దినములలో ధవళేశ్వరపు లాకు వద్ద పడవలు ఆగెడివి. తలుపులు మూసియుండుట చూచి, దారి శాశ్వతముగా మూసినారని ఏ సరంగును తలపలేదు. నీటిమట్టము సరిపడువరకు వేచియుండవలెనని అతడెరుగును. ఆకాశమునందును ఇట్టి లాకులు కలవు. వానిని గూర్చియే జనులలో అపోహలు మెండు.

మొదటి అపోహ: ఆంక్షలున్న గగనమనగా ఎవ్వరును ఎగురరాని గగనమనుట. 1944 డిసెంబరు 7వ తేదీన చికాగోలో కుదిరిన ఒడంబడిక, ప్రతి రాజ్యమునకును తన భూభాగముపైనున్న గగనమందు సంపూర్ణాధికారము కలదని అంగీకరించినది. ఆ అధికారముచే ఏర్పడు ప్రాంతములు మూడు తెగలు. నిషిద్ధ ప్రాంతమున విమానము ఎగురరాదు. నియంత్రిత ప్రాంతమున విధించిన షరతులకు లోబడి ఎగురవచ్చును. ప్రమాద ప్రాంతమున విమానములకు అపాయము కలిగించు పనులు నిర్ణీత వేళలలో జరుగవచ్చును. శ్రీహరికోట నుండి రాకెట్టు ఎగురుటకు ముందు వైమానికులకు హెచ్చరిక వెలువడును. ఆ గడువు తీరగానే దారి తెరువబడును.

రెండవ అపోహ: సైనికుల విమానక్షేత్రమున ప్రజలకు చోటులేదనుట. విశాఖపట్టణమే ఇందుకు సమాధానము. అచ్చటి విమానక్షేత్రము నౌకాదళమునకు చెందినది, పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. పౌరవిమానములు దశాబ్దములుగా అచ్చటి నుండియే రాకపోకలు సాగించినవి. వానికి దారిచూపిన నియంత్రణాధికారులు నౌకాదళమువారే. నౌకాదళ అభ్యాసములకై కొన్ని గంటలు ప్రత్యేకింపబడుటచే పౌరవిమానములకు వేళలు కుదించుకొనిపోయినవి. ప్రయాణికులకు ఇది ఇబ్బందియే. కాని ఇది నిషేధము కాదు, ఒకే దారిని ఇద్దరు పంచుకొనుట.

మూడవ అపోహ మిక్కిలి ప్రమాదకరమైనది. విమానాశ్రయము చిన్నదైనచో దానిపై ఆకాశము ఖాళీయే గదా యని కొందరి యూహ. రాజమహేంద్రవరము చెంత మధురపూడి విమానాశ్రయమునకు దినమునకు వచ్చు విమానములు కొద్దియే కావచ్చును. అయినను దిగివచ్చు విమానము భూమికి సమీపముగా నుండును. దారి తప్పించుకొనుటకు వ్యవధి స్వల్పము. పెండ్లి చిత్రములకో, వరిచేలపై మందు చల్లుటకో ఎగురవేసిన డ్రోను ఆ దారికి అడ్డుపడినచో ఆపద నిండు విమానమునకే.

అందుచేతనే 2021 నాటి డ్రోను నిబంధనలు గగనమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినవి. పనిచేయుచున్న విమానాశ్రయపు సరిహద్దునుండి 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగులకు పైనున్న గగనము పసుపు మండలము. అచ్చట విమాన నియంత్రణాధికారి అనుమతి కావలెను. ఎరుపు మండలమున కేంద్రప్రభుత్వపు అనుమతి లేనిదే ఎగురవేయరాదు. మండపేట మధురపూడికి 12 కిలోమీటర్లకు మించిన దూరముననే యున్నది. అంతమాత్రముచే నిశ్చింతగా నుండరాదు. ఎగురవేయు దినమున ప్రభుత్వపు గగనపటమును చూచుట తప్పనిసరి.

నిబంధన తెలియని రైతు భయపడి ప్రయోజనమును పోగొట్టుకొనును. తెలియని సాహసి ఇతరుల ప్రాణములను పణముగా నొడ్డును. ఈ రెంటికిని ఔషధమొక్కటే: తెలిసికొని, అడిగి, వేళకు వేచియుండుట. ఆ పటమును చదువుట యువకులకు నేర్పుటకు గ్రామ గ్రంథాలయమునకు మించిన చోటు మరియొకటి లేదు.