కంప్యూటరు ఏ బల్ల దగ్గర ఆగింది?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను, రిటైరైన గుమాస్తాను. అయితే ఆఫీసులో ఫైలు కదలకపోతే ఏం చేసేవారమో మనందరికీ తెలుసు. టపాలు రిజిస్టరుతో మొదలుపెట్టి, ఒక్కొక్క బల్ల చూసుకుంటూ, ఎక్కడ ఆగిందో పట్టుకునేవారం. కంప్యూటరు మొరాయించినా చేయవలసింది అంతే.

మొదటి బల్ల గోడమీది ప్లగ్గు. అందులో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. వెలిగితే తరువాతది యు.పి.ఎస్. దాని బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లలో నీరసిస్తుంది. పరీక్ష కోసం కంప్యూటరును నేరుగా గోడకు కలపండి. పనిచేస్తే లోపం యు.పి.ఎస్.దే. తరువాత వైరు, పెట్టె వెనుకనున్న చిన్న స్విచ్చి చూడాలి. అన్నీ బాగుండి కూడా లైటు, ఫ్యాను రాకపోతే ముందుగా ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను అనుమానించాలి. మన 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు అందించేది అదే. అది విడిగా దొరుకుతుంది. దానికోసం కంప్యూటరునే పారేయనక్కరలేదు. ఆ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే మానిటరు వైరు చూడండి. ఆపైన ర్యామ్. ప్లగ్గు తీసి, పవర్ బటను ఒకసారి నొక్కి, ర్యామ్ తీసి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి గట్టిగా కూర్చోబెట్టాలి. కాసేపు నడిచి దానంతటదే ఆగిపోతుంటే లోపలి ఫ్యానుకు పట్టిన దుమ్ము చూడాలి.

ఒక మిత్రునికి పెన్షను వెబ్‌సైటు తెరుచుకోలేదు. చూస్తే కంప్యూటరు తారీకు ఏళ్ల వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. తారీకు తప్పితే భద్రతగల వెబ్‌సైట్లు తెరుచుకోవు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక లైఫ్ సర్టిఫికెట్టు కూడా కంప్యూటరు దారి పట్టింది కనుక, మనకిది చిన్న సంగతి కాదు.

పెట్టెను తాకితే జిల్లుమంటోందా? ఎర్తింగు సరిగా లేదేమో. వెంటనే ఎలక్ట్రీషియనుకు చూపించండి. మూడు కాళ్ల ప్లగ్గుకు ఎర్తు కాలు విరిచి వాడకండి.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును మన జిల్లాలవారు మరువలేరు. అటువంటి రోజుల్లో కరెంటు పోగానే ప్లగ్గు తీసేయండి. వచ్చాక కూడా వోల్టేజి నిలకడగా ఉందని చూసుకున్నాకే పెట్టండి.

చివరిగా ఒక మాట. ఎస్.ఎం.పి.ఎస్. కాలినా హార్డ్ డిస్కులోని కాగితాలు చాలావరకు భద్రంగానే ఉంటాయి. మరమ్మతుకిచ్చేటప్పుడు "డిస్కు చెరపవద్దు" అని ముందే చెప్పండి. పి.పి.ఓ., ఫ్యామిలీ పెన్షను కాగితాల నకళ్లు పెన్ డ్రైవులో దాచి, ఎక్కడుందో ఇంట్లో ఆవిడకు గాని, ఆయనకు గాని చెప్పి ఉంచండి. ఒక్కసారికి ఒక్కటే మార్చి, ఏమయిందో నోట్ ఫైలులాగా రాసుకోండి. రేపు మెకానిక్కు వచ్చినప్పుడు ఆ కాగితమే మీ డబ్బు కాపాడుతుంది.